పొలం గట్టు మీద 31 కానుగ చెట్లు.. కొట్టించాలా ఉంచాలా?

ఎడమకాల్వ_పొలం
మాది సాగర్ ఎడమ కాల్వ కింద మూడున్నర ఎకరాలు వరి పొలం. నేను హైదరాబాద్‌లో ఉంటా, పొలం కౌలుకిచ్చినం. గట్ల మీద మా తాత పెట్టిన కానుగ చెట్లు ఉన్నయి, మొన్న ఉగాదికి పోయినప్పుడు లెక్కపెడితే 31. ఇప్పుడు లొల్లి ఏందంటే కౌలు చేసేటాయన చెట్లు కొట్టిస్తేనే వచ్చే ఏడు పొలం పడతా లేకుంటే నాతోని కాదంటున్నడు, గట్టెంబడి గింజ పట్టట్లేదు అంతా తాలే వస్తుందంట. ఇటుక బట్టీలకు కట్టె పట్టే ఒకాయన వచ్చి అన్నిటికి కలిపి 40 వేలు ఇస్తనన్నడు. మా అమ్మ ఒప్పుకుంటలేదు. "మీ తాత బిందెతోని నీళ్ళు మోసి పెంచిండు, నేను పోయినంక కొట్టుకోండి" అన్నది, రెండ్రోజుల సంది ఫోన్‌లో సరిగ మాట్లాడతలేదు. నాకైతే ఆ చెట్లతోని ఏం లాభమో తెల్వదు, కాయ ఏరేటోళ్ళు లేరు నూనె పట్టేటోళ్ళు లేరు. కట్టె ఆయన వచ్చే శనివారం వస్తడు. తెలిసినోళ్ళు చెప్పండి, నిజంగ ఉపయోగం ఉంటే ఉంచుత.

కృష్ణా_డెల్టా
కౌలు రైతు అబద్ధం చెప్పట్లేదండి. నీడ పడ్డచోట వరి పిలక సరిగా వెయ్యదు, కంకి లేటుగా వస్తది, తాలు ఎక్కువ. పైగా తడి ఆరక చీడ కూడా అక్కడే మొదలవుద్ది. ఎకరానికి రెండు బస్తాలు పోయినా కౌలు కట్టేవాడికి అదే మిగులు కదా. మా గట్ల మీద తుమ్మలుండేవి, తీసేశాం, ఇప్పుడు హాయిగా ఉంది.

సీమ_మెట్ట
తుమ్మకూ కానుగకూ పోలికేంది సామీ. మా అనంతపురం పక్క రోడ్డెంబడి కానుగ చెట్లు చూసినారా, వేరే చెట్లన్నీ ఎండిపోయి మోడుగా నిలబడుంటే ఇది మాత్రం పచ్చగా కళకళలాడతా ఉంటాది. పచ్చని చెట్టు కొట్టి బట్టీలో పెడితే ఏమొస్తాది. 40 వేలు ఎన్నాళ్ళుంటాయి?

పాలమూరు_పోరడు
వేమన్న చెప్పినట్టు.. వద్దులే, మళ్ళ పద్యాల మీద కొట్లాట పెట్టుకుంటరు ఈడ. అన్నా ఒక్కటే మాట, అమ్మ మాట ఇను.

లెక్కలమనిషి
అమ్మ మాట ఒక్కటే కారణమైతే ఇక్కడ అడగక్కర్లేదు. ఆయన అడిగింది ఉపయోగం ఏంటని. ఎవరైనా అంకెల్లో చెప్పండి.

పచ్చిరొట్ట_మాస్టారు
అంకెల్లోనే చెప్తాను. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగినవాణ్ణి, రిటైరయ్యాను. మీ తాతగారు గట్టు మీద కానుగే ఎందుకు పెట్టారో ముందు అర్థం చేసుకోవాలి బాబూ. అది నీడ కోసమో నూనె కోసమో కాదు, రొట్ట కోసం. యూరియా సంచి ఊళ్ళోకి రాకముందు వరి మడికి బలం అంటే పశువుల ఎరువు, చెరువు మట్టి, కానుగ మండలు. తొలకరి పడగానే చెట్టు ఎక్కి మండలు నరికి, దమ్ము చేసిన మడిలో పరిచి, కాళ్ళతో తొక్కించేవాళ్ళు. వారం పది రోజులు నీళ్ళు నిలగట్టి కుళ్ళనిచ్చి అప్పుడు నాటు వేసేవాళ్ళు. చిక్కుడు జాతి చెట్టు కదా, వేళ్ళ మీద బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలో నత్రజనిని పట్టిపెడతాయి, ఆ బలం ఆకులోకి వస్తుంది. ఎండబెట్టిన కానుగాకులో నత్రజని 3 శాతం పైనే ఉంటుంది.

ఇక మీ 31 చెట్లు. పెద్ద చెట్టయితే ఏడాదికోసారి నరికితే 60 కిలోల పచ్చి ఆకు, లేత మండ దిగుతుందని తక్కువలో తక్కువ వేసుకుందాం. మొత్తం సుమారు 1900 కిలోలు. ఎకరానికి రెండున్నర టన్నులు వెయ్యమని చెప్తాం కాబట్టి మీ మూడున్నర ఎకరాలకూ చాలదు, ముప్పాతిక ఎకరానికి సరిపోతుంది. ఏడాదికో మడి చొప్పున తిప్పుకుంటే నాలుగైదేళ్ళకి మొత్తం పొలం ఒక చుట్టు వస్తుంది. పచ్చి ఆకులో నీరు తీసేస్తే 570 కిలోలు, అందులో నత్రజని 18, 19 కిలోలు. అంటే దగ్గర దగ్గర ఒక యూరియా బస్తాలో ఉన్నంత.

లెక్కలమనిషి
థాంక్స్ సార్, ఇది కావాలి నాకు. కానీ మీరే చెప్పారు చూడండి, 31 చెట్లు ఏడాదంతా పెంచి, ఎక్కి నరికి మోసి తొక్కితే వచ్చేది ఒక్క బస్తా యూరియా. 45 కిలోల బస్తా 266 రూపాయలు. నరకడానికి ఇద్దరు కూలీలు వస్తే ఎంతవుతుందో మీకు తెలుసు.

పచ్చిరొట్ట_మాస్టారు
బస్తా 266 అన్నది సర్కారు సబ్సిడీ భరించబట్టి. అదలా ఉంచండి. యూరియాలో నత్రజని తప్ప ఇంకేం లేదు. మండలో పొటాష్ ఉంది, జింకు లాంటివి ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యం సేంద్రియ పదార్థం ఉంది. కాల్వ కింద పొలాలు ఏడాదికి రెండు పంటలు వరి మీద వరి పడి, వరిగడ్డి కూడా తగలబెట్టి, నేల ఎలా అయిందో ఒకసారి ఆ మడిలో దిగి చూడండి. ఎండితే పెంకులా బిగిసిపోతుంది, తడిస్తే గుల్లగా ఉండదు బంకలా సాగుతుంది. ఆ నేలకి ఎన్ని బస్తాలు పోసినా ఏటికేడు ఇంకో పావు బస్తా ఎక్కువ అడుగుతుంది. నేను చూసిన ప్రతి ఊళ్ళోనూ ఇదే.

కృష్ణా_డెల్టా
మాస్టారూ ఒప్పుకుంటా, కానీ సేంద్రియమే కావాలంటే జీలుగ చల్లుకోవచ్చుగా? సబ్సిడీ విత్తనం దొరుకుద్ది, 45 రోజులకి పూతకొచ్చే టైంకి కలియదున్నేస్తే చాలు. చెట్టెక్కే పని లేదు. జనుము ఉంది, పిల్లిపెసర ఉంది. గట్టు మీద నీడ కూడా ఉండదు.

పచ్చిరొట్ట_మాస్టారు
జీలుగ మంచిదే, నేనే వందల ఎకరాల్లో వేయించాను. కానీ దానికి నెలన్నర ముందు తడి కావాలి. కాల్వకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలియని ఏడాది జీలుగ చల్లే వీలే ఉండదు. కానుగకి ఆ బాధ లేదు, నీళ్ళు జూన్‌లో వచ్చినా ఆగస్టులో వచ్చినా మండ చెట్టు మీదే ఉంటుంది. ఒకటి ఉంటే ఇంకోటి వద్దని కాదు.

ఎడమకాల్వ_పొలం
మాస్టారూ ఇంత ఓపికగ రాసినందుకు దండం. మా అమ్మను అడిగిన ఇప్పుడే. "అవురా కరిగెట్ల ఏసి తొక్కేటోళ్ళం, నేను పెండ్లయి వచ్చిన కొత్తల నేను గూడ తొక్కిన, మండ పుల్లలు కాళ్ళకు గుచ్చుకునేటియి" అన్నది. ఇన్నేండ్లల్ల ఈ ముచ్చట నాకు ఎన్నడు చెప్పలే, నేను అడగలే. కానీ నీడ సంగతేంది? కౌలు ఆయన బాధ అదే గద.

నీడ_వెలుగు
నీడ గురించి నేను చెప్తా, మా నాన్న టేకు గట్లతో పడ్డ తంటా చూశా కాబట్టి. మొదట చెట్లు ఏ గట్టు మీద ఎన్ని ఉన్నాయో చెప్పండి. యాసంగి పంట టైంలో, అంటే డిసెంబర్ నుంచి మార్చి దాకా, సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. అంటే మీ పొలానికి దక్షిణం గట్టు మీద ఉన్న చెట్ల నీడ మొత్తం మీ మడిలోనే. ఉత్తరం గట్టు మీద ఉన్నవాటి నీడ అవతలికి పోతుంది, మీకు నష్టమే లేదు. వానాకాలం పంటకి పొద్దు దాదాపు నడినెత్తి మీద ఉంటుంది కాబట్టి ఎటువైపు ఉన్నా చెట్టు కింద కొంచెం మేరే పోతుంది. 31 చెట్లూ ఒకటే అన్నట్టు చూడకండి.

ఎడమకాల్వ_పొలం
దక్షిణం గట్టు 14, ఉత్తరం 9, పడమర 8. ఉత్తరం గట్టు అవతల బండ్ల బాట ఉంది, ఎవరి పొలం లేదు.

నీడ_వెలుగు
అయితే ఉత్తరం 9 మీద చెయ్యి వెయ్యాల్సిన పనే లేదు. గొడవంతా 14 చెట్లది, పడమటి 8 సాయంత్రం నీడ మాత్రం వేస్తాయి.

గానుగ_అబ్బాయి
మా ఇంట్లో మూడు తరాలుగా గానుగ. చెట్టు పేరు కానుగ, నూనె తీసేది గానుగ, కొన్ని ఊళ్ళల్లో చెట్టునే గానుగ చెట్టు అంటారు, చిన్నప్పుడు నేను ఆ చెట్టుని కోసి గానుగ చేస్తారేమో అనుకునేవాణ్ణి 😄 మా నాన్నకి చెప్తే ఊరంతా చెప్పి నవ్వాడు.
నూనె సంగతి చెప్తా. ఇంట్లో ఎద్దు గానుగకో చిన్న మిషన్‌కో వేస్తే నాలుగు కిలోల గింజకి లీటరు అటూ ఇటూగా దిగుద్ది. ఎర్రగా మట్టి రంగులో ఉంటది, ముక్కు మూసుకునేంత వాసన. తినే నూనె కాదు, గుర్తుపెట్టుకోండి, చేదు విషం. కిరసనాయిలు రాకముందు పల్లెల్లో దీపాలకి ఇదే. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేది సేంద్రియ సాగు చేసేవాళ్ళు, సబ్బులు చేసేవాళ్ళు. గింజ తెచ్చేవాళ్ళే తగ్గిపోయారు, కొనేవాళ్ళు ఉన్నారు. నూనె తీశాక మిగిలే చెక్కకి అయితే నూనె కన్నా గిరాకీ, నిమ్మ తోటలవాళ్ళు, కూరగాయలోళ్ళు ముందే చెప్పి పెట్టుకుంటారు.

సీమ_మెట్ట
చెక్క సంగతి నిజం. మా దానిమ్మ తోటలో నులిపురుగులకు, చెదలకు మొదట్లో కానుగ చెక్క వేస్తాం. అది వేసినాక యూరియా వేస్తే తొందరగా కరిగిపోకుండా మెల్లమెల్లగా అందుతాదంట, వేప పూసిన యూరియా లెక్క. పశువులకు మాత్రం పెట్టాకండి, మా పక్కింటోళ్ళు తెలవక వేరుశనగ చెక్క అనుకోని పెడితే ఆవు మేత ముట్టలా మూడు దినాలు.

పచ్చిరొట్ట_మాస్టారు
చెక్కలో నత్రజని 4 శాతం దాకా ఉంటుంది. సీమ సోదరుడు చెప్పింది కరెక్ట్.

నమ్మి_మునిగినోడు
అందరూ కానుగ గొప్పలు చెప్తున్నారు, నా కథ కూడా వినండి. 2006లో గింజల నూనెతో చేసే బయోడీజిల్ అని ఒకటే హడావిడి. ఒక కంపెనీ మనుషులు కార్లో వచ్చి మీటింగ్ పెట్టారు, మీ బీడు భూమిలో కానుగ, అడవి ఆముదం వెయ్యండి, గింజ మొత్తం మేమే కొంటాం అని కాగితాలు రాసిచ్చారు. నేను 5 ఎకరాలు వేశా. మా మావయ్య 8. ఎకరానికి 160 మొక్కలు, గోతులు తీసి, మొదటి రెండు ఎండాకాలాలు ట్యాంకర్‌తో నీళ్ళు. అడవి ఆముదం మూడో ఏటికే చేతులెత్తేసింది. కానుగ బతికింది, కానీ ఆరేళ్ళకి గానీ కాయ కనపడలా. కొన్ని చెట్లు విరగకాశాయి, వాటి పక్కనే ఉన్నవి ఒక్క కాయ లేదు. అప్పటికి ఆ కంపెనీ ఆఫీసుకి తాళం. ఫోన్ చేస్తే నంబర్ పనిచెయ్యదు. మా మావయ్య ఆ అప్పు తీర్చడానికి ఇంకో రెండెకరాలు అమ్ముకున్నాడు. 2009లో సర్కారు పాలసీ వచ్చింది, 2017 కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ అని. ఒక శాతం కూడా దాటలేదు. కాబట్టి కానుగ అంటే డబ్బులు కాస్తాయని మాత్రం ఎవరికీ చెప్పకండి దయచేసి.

ఎడమకాల్వ_పొలం
అన్నా చదువుతుంటేనే మనసు పాడయింది. ఆ చెట్లు ఇప్పుడున్నయా?

నమ్మి_మునిగినోడు
నావి సగం తీసేసి మామిడి పెట్టా. మిగతావి హద్దుల్లో ఉంచా. చెట్టు మీద నాకు కోపం లేదు తమ్ముడూ. అది చేసేది అది చేసింది. తోటలా వేసి డబ్బులు రమ్మంటే రాలేదు, అంతే.

నర్సరీ_కడియం
పై అన్న చెప్పినదాంట్లో ఒక ముక్క ముఖ్యం, "కొన్ని విరగకాశాయి కొన్ని కాయలేదు". గింజ నుంచి మొలిచిన కానుగ ఏ చెట్టుకి ఆ చెట్టే, తల్లి గుణం రావాలని లేదు. అప్పట్లో ఎవరూ అంటు మొక్కలివ్వలా, ఎక్కడ గింజ దొరికితే అది ఏరుకొచ్చి సంచుల్లో పెట్టి పంచేశారు. బాగా కాసే చెట్టు నుంచి అంటు కట్టిన మొక్కలైతే మూడు నాలుగేళ్ళకే కాపు మొదలవుద్ది, కాపు కూడా ఒకేరకంగా ఉంటది. రొట్ట కోసమో నీడ కోసమో అయితే గింజ మొక్క చాలు.
పెంచాలనుకునేవాళ్ళకి: ఈ ఏడు రాలిన గింజే వాడాలి, ఏడాది దాటితే మొలక నమ్మకం లేదు. రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి వేలి కణుపు లోతులో పెట్టండి, రెండు వారాల్లో మొలుస్తది. పెద్ద సంచిలో పెట్టండి, దీని తల్లివేరు ఊరికే అడుగు తన్నేస్తది. ఉప్పు నేలకి తట్టుకుంటది, మా వైపు సముద్రం పక్క కాల్వ గట్ల మీద కూడా ఉంటాయి. ఇంటి గోడకి, బావికి దగ్గరగా మాత్రం వద్దు, పక్కవేళ్ళ నుంచి పిలకలు లేస్తానే ఉంటాయి.

అపార్ట్‌మెంట్_చెట్టు
మధ్యలో దూరుతున్నా సారీ. మా కాలనీలో హరితహారంలో పెట్టిన కానుగ చెట్టు ఆకుల నిండా బుడిపెలు, వేళ్ళలాగా పొడుచుకొచ్చాయి. మా అసోసియేషన్ వాళ్ళు చెట్టుకి జబ్బు, పిల్లలకి అంటుకుంటుంది కొట్టేద్దాం అంటున్నారు.

నర్సరీ_కడియం
మనుషులకి అంటుకునేది కాదండి బాబూ. కంటికి కనపడనంత చిన్న నల్లి ఆకులో చేరితే ఆకు అలా బుడిపెలు కట్టుద్ది. చెట్టుకి ఏమీ కాదు. మరీ ఎక్కువుంటే ఆ కొమ్మలు నరికేయండి, కొత్త చిగురు శుభ్రంగా వస్తది. మందులు కొట్టక్కర్లేదు.

అపార్ట్‌మెంట్_చెట్టు
ప్రింట్ తీసి నోటీస్ బోర్డు మీద పెడతా ఇది 🙏

బెంగళూరు_తెలుగు
మా వీధంతా ఇదే చెట్టు, ఇక్కడ హొంగె అంటారు. ఇప్పుడు పూత టైం. పొద్దున్నే రోడ్డు మీద మరమరాలు పోసినట్టు తెల్లగా, కొంచెం వంకాయ రంగు కలిపినట్టు పూలు రాలి ఉంటాయి, ఊడ్చే ఆమె కుప్ప పోసేలోపు ఇంకో పొర. ఇక్కడ ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస అని, మండ్య జిల్లా కగ్గనహళ్ళిలో ఈ నూనెతోనే డీజిల్ ఇంజన్లు తిప్పి పొలాలకి నీళ్ళు పెట్టించారు. ఊళ్ళో నూనె ఊళ్ళోనే వాడితే పనవుతుందని అప్పుడే చూపించారు, లారీల్లో ఎక్కించి ఎక్కడికో పంపుదామంటేనే లెక్క కుదరదు.

ఉట్నూరు_దారి
బెంగళూరు అన్న చెప్పినట్టే మా ఆదిలాబాద్ ఏజెన్సీల పవర్‌గూడ అని చిన్న గూడెం. ఆడ ఆదివాసీ అక్కలు సంఘం పెట్టుకొని కానుగ గింజ ఏరి, మిల్లుల నూనె పట్టిచ్చిర్రు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే ఎంత పొగ తగ్గుతదో లెక్కగట్టి 2003ల వరల్డ్ బ్యాంకు 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కింద 645 డాలర్లు ఇచ్చింది. మా ఊరికి దగ్గరనే, అప్పుడు నేను స్కూల్ల ఉన్న, మా సార్లు ఆ ముచ్చట క్లాసుల చెప్తే గాలిని గూడ అమ్ముతరా అని నోరెళ్ళబెట్టినం. గిప్పుడు కార్బన్ క్రెడిట్ అని పేపర్ల సదువుతుంటే మా అక్కలే యాదికొస్తరు.

లెక్కలమనిషి
645 డాలర్లు చిన్న మొత్తమే, కానీ ఐడియా పెద్దది. ఇది నాకు తెలియదు. థాంక్స్.

ఫ్లోరిడా_తెలుగు
మీరు నమ్మరు, ఇక్కడ ఫ్లోరిడాలో నారింజ తోటలు గ్రీనింగ్ తెగులుతో పోయాక ఆ నేలల్లో మన కానుగ పెడుతున్నారు. మొదటిసారి చూసి కారు ఆపేశా, మా తాతయ్య ఊరి చెరువుగట్టు ఇక్కడికెలా వచ్చిందా అని. పొంగామియా అంటారు, ఆ పేరు కూడా తమిళ, మలయాళ పుంగం నుంచి వచ్చిందే. నూనెలో చేదు తీసేసి తినేలా చేస్తున్నారు, మిగిలిన పిండిని ప్రొటీన్ కింద. అన్నీ అంటు మొక్కలు, మిషన్‌తో చెట్టుని ఊపి కాయ రాలుస్తారు.

నమ్మి_మునిగినోడు
అమ్మా, వాళ్ళు రైతుకి కాగితం రాసిచ్చారా? 

ఫ్లోరిడా_తెలుగు
అన్నయ్యా ఆ వివరాలు కనుక్కుని రాస్తాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

అమ్మమ్మ_ఊరు
గజ్జి, తామరకి కానుగ నూనె మా అమ్మమ్మ పూసేది, వాసనకి మేం పారిపోతుంటే పట్టుకుని మరీ. గేదెలకి పిడుదులు పడితే కూడా అదే. ఒళ్ళు నొప్పులకి వావిలాకు, కానుగాకు వేసి మరగబెట్టిన నీళ్ళు. పొద్దున్నే పళ్ళకి కానుగ పుల్ల. నాకైతే వేప కన్నా అదే నచ్చేది, కుచ్చు మెత్తగా వస్తుంది.

గానుగ_అబ్బాయి
పైపూతకే అక్కా, చెప్పండి గట్టిగా. నోట్లోకి పోకూడదు. సీసా పిల్లలకి అందకుండా పెట్టండి.

తేనె_పెట్టెలు
ఎవరూ తేనెటీగల సంగతి ఎత్తలేదే. ఏప్రిల్, మే నెలల్లో పొలాల్లో పూత ఏముంటుంది చెప్పండి? నువ్వులు అయిపోయి, మామిడి అయిపోయి, పెట్టెల్లో ఈగలు ఆకలితో ఉండే టైం. కానుగ అప్పుడే పూస్తుంది. 31 చెట్లు ఒక చోట అంటే నేను పెట్టెలు తెచ్చి పెట్టుకుంటా, ఊరికే కాదు, తేనెలో వాటా ఇస్తా. నిజంగా అడుగుతున్నా.

కృష్ణా_డెల్టా
ఇన్ని విన్నాక నేను కొంచెం మెత్తబడ్డా. కానీ కౌలు రైతు తరఫున ఎవరూ మాట్లాడట్లా. చెట్టు అన్నది ఓనర్ ఆస్తి, కట్టె అమ్మితే డబ్బు ఓనర్‌కి, నీడ నష్టం మాత్రం కౌలు వాడికి. కొమ్మ నరికే కూలి కూడా వాడి మీదే పడితే వాడెందుకు ఒప్పుకుంటాడు?

పచ్చిరొట్ట_మాస్టారు
న్యాయమైన ప్రశ్న. నా సలహా ఇది. దక్షిణం గట్టు 14 చెట్లనీ రొట్టకి కేటాయించండి. మనిషెత్తు మీద ఒక అడుగు వదిలి కొమ్మలన్నీ మొండిగా నరికించండి, ఏటా రెండుసార్లు. ఒకసారి వానాకాలం దమ్ముకి ముందు, రెండోసారి డిసెంబర్‌లో యాసంగి దమ్ముకి ముందు. చూడండి, నీడ ఎప్పుడు ఇబ్బందో సరిగ్గా అప్పుడే చెట్టు మీద ఆకుండదు, ఆ ఆకు మడిలో ఉంటుంది. వాటికి కాయ రాదు, ఫర్లేదు. ఉత్తరం 9 జోలికి పోకండి, గింజ, తేనె అక్కడ. పడమర 8 పక్కకొమ్మలు తీసి పైకి లేపండి. నరికే కూలి ఓనర్ పెట్టుకోవాలి, గట్టెంబడి పోయిన గింజకి కౌలులో రెండు బస్తాలు తగ్గించాలి. రెండు బస్తాల ధర కన్నా మీ నేల విలువ ఎక్కువ బాబూ.
ఇంకోటి. కొట్టాలనే అనుకున్నా ముందు మీ మండలంలో అడగండి, 2002 నుంచి నీరు, భూమి, చెట్లని కాపాడే వాల్టా చట్టం ఉంది, కట్టె వ్యాపారి అవన్నీ నేను చూసుకుంటా అంటాడు, కేసైతే అది మీ పేరు మీదే.

పాలమూరు_పోరడు
నేను మొదట్లనే చెప్పిన గద అమ్మ మాట ఇనుమని. ఇంతసేపు తిరిగి మళ్ళ ఆడికే వచ్చిర్రు 😀

ఎడమకాల్వ_పొలం
శనివారం ఊరికి పోయొచ్చిన. కట్టె ఆయనకు వద్దని చెప్పిన, యాభై వేలు అన్నడు, అయినా వద్దన్న. కౌలు ఆయనను పిలిచి కూసోబెట్టి మాస్టారు చెప్పినట్టే మాట్లాడిన. నరికే కూలి నాది, రెండు బస్తాలు తగ్గిస్త అంటే మూడు అన్నడు. మూడుకే ఒప్పుకున్న. ఒక్క ఏడు చూస్తం, యాసంగిల గట్టెంబడి గింజ పట్టకపోతే మళ్ళ కూసుందం అన్నడు, అది గూడ నిజమే.

ఇంకొక ముచ్చట. నేను పోయేసరికి అమ్మ వాకిట్ల గోనె పట్టా మీద కూసొని ఉంది. ఉత్తరం గట్టు కింద రాలిన కాయ మూడు రోజుల సంది ఏరిందంట, ఒక బస్తా నిండింది. బాదం కాయ లెక్క చదునుగ, ఎండి తోలు రంగుకొచ్చిన కాయ. ఒక్కొక్కటి రాయి మీద నిలబెట్టి చెక్క సుత్తెతోని అంచు మీద కొడుతుంది. గట్టిగ కొడితే గింజ నలుగుతదంట, మెల్లగ కొడితే తెరుచుకోదంట. లోపల ఒకటే గింజ, ఎర్రగ ముడతలు పడి. నేను గంట కొట్టిన, సగం నలగ్గొట్టిన. ఆమె నాకంటే మూడింతలు కొట్టింది, ఒక్కటి నలగలే. ఆఖరికి ఆరు కిలోల గింజ తేలింది.

గానుగ_అబ్బాయి అన్నా, ఆరు కిలోలు పడతవా?

గానుగ_అబ్బాయి
పడతా. కానీ పది కిలోలు అయ్యాక తీసుకురా, గానుగలో అడుగుకి అంటుకుపోయేదే కిలో ఉంటది. ఈలోపు నాలుగు రోజులు ఎండలో పోసి ఆరబెట్టమను అమ్మని, తడి ఉంటే నూనె దిగదు.

తేనె_పెట్టెలు
నా సంగతి?

ఎడమకాల్వ_పొలం
అమ్మను అడిగిన. కుడతయా అని ఒక్కటే ప్రశ్న. కౌలు ఆయన పిల్లలు గట్టు మీద తిరుగుతరు.

తేనె_పెట్టెలు
ఉత్తరం గట్టు చివర, బాట మనుషులు నడిచే పక్క కాకుండా తూర్పుకి మొహం పెట్టి ఉంచుతా. ముందు రెండే పెట్టెలు తెస్తా. అమ్మగారు చూసి సరే అంటేనే మిగతావి.

పచ్చిరొట్ట_మాస్టారు
జూన్‌లో నరికించేటప్పుడు ఒక్క జాగ్రత్త. కొమ్మని కింద నుంచి ముందు ఒక గాటు పెట్టి అప్పుడు పై నుంచి నరకమనండి, లేకపోతే బరువుకి విరిగి కాండం బెరడు కూడా చీల్చుకుపోతుంది. కోత ఏటవాలుగా ఉండాలి, వాన నీరు నిలవకూడదు.

ఎడమకాల్వ_పొలం
సరే మాస్టారూ. కింద గాటు, పైనుంచి నరుకుడు, ఏటవాలు. నరికేటోనికి చూపియ్యనీకి నేనే పోత జూన్‌ల.